రెండిళ్ళకూ ఒకే పేరు

చిన్నప్పటి నుంచీ అతన్ని ఒక సందేహం వదల్లేదు. దేవుణ్ణి మనం ఒక పేరు పెట్టి పిలుస్తాం కదా, ఆ పేరు చేరవలసిన చోటికి చేరుతుందా అని. వాళ్ళమ్మ ఒక పేరుతో పిలిచేది, నాయనమ్మ ఇంకో పేరుతో పిలిచేది. ఇద్దరూ నిలబడేది మాత్రం ఒకే దీపం ముందు. పలికేవాడు ఒక్కడేనా, ఇద్దరా? ఒక్కడే అయితే, ఎవరు ఎక్కణ్ణించి పిలుస్తున్నారో ఆయనకెలా తెలుస్తుంది? ఒకసారి ధైర్యం చేసి ఒక పెద్దాయన్ని అడిగాడు. "అడక్కు, అను," అన్నాడాయన. అప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జుట్టు నెరిసింది. పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని ఆ పేరు అంటాడు. సందేహం కూడా ఓ పక్కన కూర్చుని అతనితోపాటు కళ్ళు మూసుకుంటుంది. దాని పని దానిది, ఇతని పని ఇతనిది.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. జనానికి లిఫ్టు, అతనికి మెట్లు. ఎందుకంటే అతన్ని పిలిచేది లిఫ్టు ఆగిపోయిన చోటికే. పనిముట్ల సంచి భుజాన వేసుకుని పైకప్పు మీది మెషిన్ రూం దాకా ఎక్కేసరికి సగం ప్రాణం పోతుంది. మిగతా సగం, కింద నిలబడి "ఇంకెంతసేపయ్యా" అని అరిచేవాళ్ళు తీస్తారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులకు గ్రీజు, మోకాళ్ళలో సలుపు, చెవుల్లో మోటారు రొద. చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడంటే, మళ్ళీ లేవడానికి ఎవరైనా చెయ్యందించాలి.

ఆ శుక్రవారం కూడా అలాగే కూర్చున్నాడు. ఎదురుగా అతని భార్య, వాళ్ళమ్మ బట్టలు సంచిలో సర్దుతోంది. అత్తగారు ఒక నెల వీళ్ళింట్లో, ఒక నెల పెద్దకూతురింట్లో ఉంటుంది. కూతుళ్ళిద్దరూ మాటామాటా అనుకోకుండా ఆవిడే ఈమధ్య పెట్టుకున్న ఏర్పాటు అది; అక్కడికి వెళ్ళొచ్చింది ఇప్పటికి ఒక్కసారే. ఆదివారం సాయంత్రం ఇల్లు మారాలి.

"అమ్మా, టాబ్లెట్టు పైన పెట్టనా, చీరల అడుగున పెట్టనా?" అంది భార్య.

"అది ఇక్కడే ఉండనీ," అంది అత్తగారు.

"అదేమిటి? అది లేకపోతే నీకు పొద్దెలా పోతుంది?"

అత్తగారు కొంగు అంచు వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంది.

ఆవిడకు చూపు పోయి చాలా కాలమైంది. వెలుగూ నీడా, బాగా గాఢమైన రంగూ తప్ప ఏమీ తెలియదు. మామగారు బతికున్నన్నాళ్ళూ రోజూ ఆవిడకు ఒక పుస్తకం చదివి వినిపించేవాడు. భక్తుల కథలు, లావుపాటి పుస్తకం, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. తన ఒంట్లో ఓపిక తగ్గుతోందని తెలిశాక, చదివేదంతా రికార్డు చేయించుకుంటూ వచ్చాడు. ఆయన పోయాక అల్లుడు, అంటే మన మెకానిక్కు, ఆ రికార్డులన్నీ సబ్బుపెట్టెంత చిన్న కంప్యూటరులోకి ఎక్కించి, రూటరు పక్కన అరలో పెట్టాడు. ఇంటి వెబ్ సర్వరు అంటారట దాన్ని. వీడియోలు చూసి, తప్పులు చేసి, తల ప్రాణం తోకకొచ్చాక ఎలాగో పని చేయించాడు. అత్తగారి టాబ్లెట్టు మీద ఒకే ఒక పెద్ద ఎర్ర బొమ్మ ఉంచాడు. వెలుగులో ఆ ఎరుపు ఆవిడకు లీలగా తెలుస్తుంది. దాన్ని నొక్కితే సర్వరులోని పేజీ తెరుచుకుని, నిన్న ఆగిన చోటు నుంచి మామగారి గొంతు మొదలవుతుంది. ముందు ఒక దగ్గు, తర్వాత గొంతు సవరింపు, తర్వాత "వింటున్నావా" అనే మాట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఆవిడ రోజూ "ఆఁ" అని బదులిస్తుంది.

పుస్తకం మాత్రం పూర్తికాలేదు. చివరి కథలో కొన్ని పేజీలుండగా మామగారికి ఊపిరి అందడం మానేసింది. పేజీల మధ్య ఒక పాత బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి, పుస్తకం అల్లుడి చేతికిచ్చాడు. "ఈ మిగిలింది నువ్వు చదివి పెట్టు అల్లుడూ. నీ వంతు." అతను తలూపాడు. తలూపడం తేలికే. అతని చదువు అంతంతమాత్రం, పెద్ద మాటొస్తే నాలుక మెలికపడుతుంది. రేపు చదువుదాం, ఒళ్ళు కాస్త తేలికపడ్డాక చదువుదాం అనుకుంటూనే ఏళ్ళు దొర్లిపోయాయి. "పోనీ నేను చదవనా?" అని భార్య ఒకసారి అడిగితే, "నాకు కదా చెప్పారు," అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అత్తగారు చివరిదాకా విని, కథ తెగిన చోట కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదటి నుంచి వింటుంది.

"అమ్మా, నిన్నే. ఎందుకు వద్దంటున్నావు?" అంది భార్య మళ్ళీ.

"అక్కడ ఆయన చదవరే," అంది అత్తగారు నెమ్మదిగా. "గొంతు సవరించుకుంటారు, అంతే."

మెకానిక్కు గోడకు ఆనించిన వీపు ఎత్తి నిటారుగా కూర్చున్నాడు. "అంటే ఏమిటత్తయ్యా?"

"పోయిన సారి అక్కడ రోజూ నొక్కేదాన్ని బాబూ. బండ్లు పోతున్న చప్పుడు వినబడేది. ఎవరో దగ్గేవారు. ఆయనే అనుకునేదాన్ని. గొంతు సవరించుకుంటున్నారు, ఇదిగో మొదలుపెడతారు, ఇదిగో మొదలుపెడతారు అని కూర్చునేదాన్ని. గేటు కిర్రుమనేది. మళ్ళీ బండ్లు. ఇవాళ చదవరు కాబోలు అనుకుని తీసి పక్కన పెట్టేసేదాన్ని."

"నెలంతానా?" అంది భార్య. చేతిలో చీర మడత ఊడిపోయింది.

"పెద్దదానికి చెబితే చిన్నల్లుడి మీద చెప్పినట్టుంటుంది. నీకు చెబితే నువ్వు ఈయన మీద పడతావు. మనిషి అలిసిపోయి వస్తాడు, మళ్ళీ దీనికోసం ఎందుకూ అని ఊరుకున్నాను."

అతనికి గుండెల్లో ఏదో జారిపోయినట్టయింది. తీగ సడలినప్పుడు లిఫ్టు జారినట్టు, ఒక్క జానెడు. లేచి తోడల్లుడికి ఫోను చేశాడు. తోడల్లుడు బ్యాంకులో మేనేజరు. ఇంట్లో కూడా అందరూ మేనేజరనే అంటారు, ఆయన అది వెక్కిరింత అనుకోడు.

"ఏమోయ్ లిఫ్టూ, పైకా కిందికా?" అన్నాడు ఆయన అలవాటు ప్రకారం.

"మధ్యలో ఇరుక్కున్నాను అన్నయ్యా." జరిగింది చెప్పాడు. బండ్లు, దగ్గు, గేటు.

అటువైపు ఆయన అంతా విన్నాడు. తర్వాత మేనేజరు పకపకా నవ్వాడు. "అది మా గేటు కెమెరా అయ్యా. మైకు కూడా ఉంది దానికి. దగ్గేది వీధి వాచ్‌మను, మా అరుగు మీదే కూర్చుంటాడు, చుట్ట మానమంటే మానడు. మన మామగారి పేజీ అని నా గేటు చూపించావన్నమాట. పాస్‌వర్డు పెట్టుకోమని కెమెరావాడు చెప్తూనే ఉన్నాడు, నేనే..." నవ్వు సగంలో ఆగింది. "అయితే అత్తయ్యగారు నెల రోజులూ కూర్చుని విన్నది మా వాచ్‌మన్నా?"

"అవునన్నయ్యా."

"ఒక్క మాట అనలేదేమయ్యా ఆవిడ," అన్నాడు మేనేజరు, ఈసారి మామూలు గొంతుతో. "ఆదివారం తీసుకురండి. కానీ అది చదివేట్టు చేసి తీసుకురా. మళ్ళీ ఆవిడ ఆ గేటు దగ్గర కాపలా కూర్చుంటే నాకు ఇంట్లో కూడు సయించదు."

శనివారం పొద్దున్న ఇంటర్నెట్ తీగలు లాగే కేబులాయన వచ్చాడు. అతనూ తక్కువేం అలిసిపోలేదు. నిచ్చెన గుమ్మం బయట ఆనించి, ఇచ్చిన కాఫీ కళ్ళు మూసుకుని తాగాడు. తర్వాత టాబ్లెట్టు తీసుకుని ఎర్ర బొమ్మ వెనక ఏముందో చూశాడు.

"నంబరు రాశారా?"

"సర్వరు నంబరే కదండీ. నూట తొంభై రెండుతో మొదలయ్యేది."

"అది మీ రూటరు మీ ఇంట్లో వస్తువులకిచ్చుకునే నంబరు. ఎవరింట్లో రూటరైనా దాదాపు అవే ఇస్తుంది. అక్కడ అదే నంబరు వాళ్ళ కెమెరాకి పడింది, అంతే సంగతి."

మెకానిక్కు నుదురు కొట్టుకున్నాడు. తను రోజూ తిరిగే బిల్డింగులు కళ్ళముందు మెదిలాయి. మూడో అంతస్తు లేని బిల్డింగుందా? ఏ బిల్డింగో చెప్పకుండా 'మూడో అంతస్తు, ఎడమ తలుపు' అని చీటీ రాసి, చూపులేని మనిషి చేతిలో పెట్టి పంపాడు తను. ఆవిడ వెళ్ళి ఎవరిదో తలుపు ముందు కూర్చుంది.

"మరిప్పుడేం చెయ్యాలి?"

"నంబరు తీసేసి పేరు పెట్టాలి. బయట లోకానికి మీ ఇంటి నంబరు వేరే ఉంటుంది. అదీ ఒకచోట నిలవదు, కరెంటు పోయొస్తే మారిపోతుంది. పేర్లూ నంబర్లూ కలిపి రాసిపెట్టుకునే సర్వీసులుంటాయి. మనం ఒక పేరు తీసుకుని, 'నా నంబరు మారింది' అని మీ సర్వరు పెట్టే వాళ్ళకి ఎప్పటికప్పుడు చెప్పుకునేలా పెడదాం. ఎక్కణ్ణించి ఆ పేరు అడిగినా ఇక్కడికే దారి చూపిస్తారు." కేబులాయన గ్లాసు కింద పెట్టాడు. "ఇంతకీ పెట్టెకి పేరేమిటి?"

"పేరు పెట్టలేదండీ. వచ్చినప్పుడు ఏముందో అదే ఉంది."

"ఇన్నేళ్ళ నుంచీ పేరు లేకుండా బతుకుతోందా పాపం?" అంది భార్య వంటింటి గుమ్మంలోంచి. "నాన్న అని పెట్టండి."

'నాన్న' అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. 'మానాన్న' కూడా పోయింది. "లోకంలో అందరికీ నాన్నలే ఉన్నట్టున్నారు," అన్నాడు కేబులాయన. చివరికి 'నాన్నచదువు' దొరికింది. మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. పెట్టెకీ ఆ పేరే పెట్టాడు. రూటరులో సర్వరుకు బయటి నుంచి రావడానికి దారి తెరిచి, ఊళ్ళోవాళ్ళంతా జొరబడకుండా పేజీకి పాస్‌వర్డు పెట్టి, అది టాబ్లెట్టుకు గుర్తుండేలా చేసి, ఎర్ర బొమ్మ వెనక నంబరు తీసి పేరు రాశాడు. తన ఫోనులో ఇంటి వైఫై ఆపేసి చూస్తే పేజీ తెరుచుకుంది. "అయిపోయిందండీ," అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు వచ్చి ఎర్ర బొమ్మ నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. వాచ్‌మను దగ్గు కూడా లేదు.

"ఇప్పుడు ఇక్కడ కూడా చదవరా?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతనికి కష్టంగా తోచింది.

ఫోను చేస్తే కేబులాయన ఎక్కడో స్తంభం మీదున్నాడు. గాలి హోరులోంచి అరుస్తూ చెప్పాడు. "ఇంట్లోనే ఉండి ఆ పేరడిగితే మీ రూటరు వీధిలోకెళ్ళి, మళ్ళీ మన గుమ్మంలోంచే లోపలికి రావాలి. కొన్ని రూటర్లకి అది చేతకాదండీ. ఇంట్లోవాళ్ళు ఆ పేరడిగితే ఇంటి నంబరే చెప్పమని రూటరులో రాసెయ్యండి. బయటివాళ్ళకి బయటి నంబరు, ఇంట్లోవాళ్ళకి ఇంటి నంబరు."

"ఒకే పేరుకి రెండు జవాబులా?"

"అడిగినవాళ్ళు ఎక్కడున్నారో దాన్నిబట్టి. చేరేది మాత్రం మీ పెట్టె దగ్గరికే కదండీ. ఉంటాను, చెయ్యి జారుతోంది."

మెకానిక్కు రూటరు పేజీ తెరిచి, వెతికి వెతికి, పేర్లు రాసే చోటు పట్టుకుని, సర్వరు నంబరు పక్కన 'నాన్నచదువు' అని రాశాడు. సర్వరుకు ఇంట్లో ఆ నంబరు ఎప్పటికీ మారకుండా కట్టేశాడు. రూటరు ఆపి మళ్ళీ వేశాడు. ఈసారి నొక్కగానే దగ్గు, గొంతు సవరింపు. "వింటున్నావా?"

"ఆఁ," అంది అత్తగారు.

అతను అక్కడే గోడకు చేరగిలబడ్డాడు. ఒకే పేరు. వీధిలోంచి అడిగితే ఒక జవాబు, ఇంట్లోంచి అడిగితే ఇంకొకటి. అడిగేవాళ్ళకు ఆ తేడా తెలియనక్కర్లేదు. అమ్మా నాయనమ్మా గుర్తొచ్చారు. అయితే వాళ్ళవి రెండు పేర్లు కదా, ఇదేమో ఒకే పేరు, రెండు జవాబులు. లెక్క పూర్తిగా కుదరలేదు. ఇంకొంచెం ఆలోచిస్తే కుదిరేదేమో గానీ, కూర్చున్నచోటే కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి కొత్త దిగులొకటి పక్కనే కూర్చుని ఉంది. అక్కడికి వెళ్ళాక నిజంగా ఇక్కణ్ణించే వస్తుందా? టాబ్లెట్టు ఇక్కడ విన్నదాన్ని తనలో దాచుకుని అదే వినిపిస్తే? రెండు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత దాచుకున్నది అయిపోతే, ఆవిడ మళ్ళీ ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటుంది. కేబులాయన్ని అడిగితే, "అలా జరగొచ్చండీ," అన్నాడు. "గట్టిగా తెలియాలంటే, ఆ టాబ్లెట్టు ఎప్పుడూ విననిది ఒకటి కొత్తగా పెట్టండి. అక్కడ అది మోగిందంటే పేరు పనిచేస్తున్నట్టే."

ఎప్పుడూ విననిది ఎక్కణ్ణించి తేవాలి? చదివే మనిషి లేడాయె. ఉన్నవన్నీ ఆవిడ పదేపదే విన్నవే.

భార్య అతని వైపు చూసింది. వెళ్ళి అల్మరాలోంచి అట్టలేని పుస్తకం తెచ్చి అతని పనిముట్ల సంచిలో పెట్టింది, స్పానరు పక్కన.

"గ్రీజవుతుంది," అన్నాడు.

"అవనీండి."

ఆదివారం కూడా ఒక లిఫ్టు ఆగింది. పెద్ద బిల్డింగు, బోలెడన్ని మెట్లు. బ్రేకు సరిచేసి, లిఫ్టు కదిలాక, అతను మెషిన్ రూంలోనే ఉండిపోయాడు. చిన్న గది, ఒక కిటికీ, నూనె వాసన. మోటారు పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, చేతులు గుడ్డతో రెండుసార్లు తుడుచుకుని పుస్తకం తీశాడు. బస్సు టికెట్టు ఉన్నచోట తెరిచాడు. సిరా వెలిసిపోయి ఆ టికెట్టు ఎక్కడిదో తెలియడం లేదు. ఫోనులో రికార్డు నొక్కి, లిఫ్టు ఒకసారి కదిలి ఆగేదాకా చూసి, గొంతు సవరించుకున్నాడు.

మొదటి వాక్యంలోనే నాలుక మెలికపడింది. మళ్ళీ చదివాడు. ఎవరో కింద మళ్ళీ మీట నొక్కారు, మోటారు గుర్రుమంది. ఆగాడు. బ్రేకు టక్కున పడ్డాక మళ్ళీ మొదలుపెట్టాడు. అలా లిఫ్టు ఆగినప్పుడు చదువుతూ, కదిలినప్పుడు ఊరుకుంటూ పోయాడు. కథలో ఒక భక్తుడు ఎవరూ పలకని గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఎంతసేపు నిలబడ్డాడో, చివరికేమైందో మెకానిక్కుకు తెలియదు. ఇన్నేళ్ళూ తను కూడా వినలేదు. చదువుతూ చదువుతూ అతనికే ఆత్రం పుట్టింది. చివరి పేజీ అయ్యేసరికి నోరెండిపోయింది. రికార్డు ఆపి, అక్కడే సర్వరులోకి పంపించాడు, ఆ కొత్త పేరుతోనే. పోయింది. మెట్ల మీదుగా దిగాడు, అలవాటు కొద్దీ.

సాయంత్రం మేనేజరు ఇంట్లో అందరూ ముందు గదిలో చేరారు. అరుగు మీది వాచ్‌మను అటూ ఇటూ చూసి లేచి నిలబడ్డాడు, తనకేదో మూడిందనుకుని. "కూర్చోవయ్యా," అన్నాడు మేనేజరు. "ఇన్నాళ్ళూ నీ దగ్గు మా అత్తయ్యగారికి కాలక్షేపం. ఇక రిటైరైపో."

ఇయర్‌ఫోన్లు వద్దని, అందరూ వినాలని వదినగారు పట్టుబట్టింది. అత్తగారు టాబ్లెట్టు ఒళ్ళో పెట్టుకుంది. భార్య పేజీలో కొత్తగా చేరినదాన్ని పైకి తెచ్చి, వాళ్ళమ్మ వేలు పట్టుకుని నొక్కించింది.

తెర తెల్లగా అలాగే ఉంది. ఏదో గుండ్రంగా తిరుగుతోంది. మెకానిక్కు లోపల్లోపల పొద్దున దీపం ముందు అనే పేరు అనుకున్నాడు. చేరుతుందా అని ఈసారి అడగలేదు, అంత ఓపిక లేదు.

టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. తర్వాత ఏదో గుర్రుమంది.

"ఇదీ గేటేనా?" అంది అత్తగారు.

గుర్రు ఆగింది. ఒక మగగొంతు సవరించుకుంది, కానీ మామగారిది కాదు. పిల్లాడు బడిలో లేచి నిలబడి చదివినట్టు, పదం పదం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక పెద్ద మాట దగ్గర గొంతు తడబడి, వెనక్కెళ్ళి, మళ్ళీ ఎక్కింది.

"అంతస్తు అంతస్తుకీ ఆగుతోందయ్యా నీ చదువు," అన్నాడు మేనేజరు మెల్లగా.

"ఊరుకోండి బావగారూ," అంది భార్య.

మేనేజరు ఊరుకున్నాడు. లేచి వెళ్ళి వీధి తలుపు కూడా వేసి వచ్చాడు, బండ్ల చప్పుడు లోపలికి రాకుండా.

కథ నడిచింది. తెగిపోయిన చోటు దాటింది. అత్తగారి వేళ్ళు కొంగు అంచు మీద ఆగిపోయాయి. మోటారు గుర్రుమన్నప్పుడల్లా ఆవిడ తల వంచి ఓపిగ్గా ఎదురుచూసింది, గొంతు రాగానే తలెత్తింది. ఆఖరి వాక్యం అయింది. బ్రేకు టక్కుమంది. అంతే.

కాసేపటికి ఆవిడ చెయ్యి చాచి గాలిలో తడిమింది. మెకానిక్కు దగ్గరికి జరిగి ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఆయన ఆ రోజు నీకు అప్పజెప్పారు, పక్క మంచం మీద నేను విన్నాను," అంది.

"మరి ఎప్పుడూ అడగలేదేమత్తయ్యా?"

"అడిగితే ఇస్తావు. నీ అంతట నువ్వు ఇస్తావేమో అని చూశాను." అతని అరచేతిలో గట్టిపడిన గ్రీజు మరకను బొటనవేలితో రాసింది. "ఆ టికెట్టు ఏం చేశావు?"

అతను చొక్కా జేబులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని రెండుగా మడిచి కొంగున కట్టుకుంది.

"తీరిపోయింది బాబూ," అంది. "ఇక ఇంటికెళ్ళి పడుకో."